నలభై గోదాములు మార్చిందెవరు?

"ఎవరే ఈ 'మేము'?" అంటూ ఇబోయా నా రెజ్యూమే కాగితాల్ని టేబుల్ మీద పడేసింది. "మేము తయారుచేశాం, మేము సరిదిద్దాం, మేము నడిపించాం! ఉద్యోగం నీకిమ్మంటావా, ఈ 'మేము' అందరికీ కలిపి ఇమ్మంటావా? పెళ్ళి పిలుపా ఇది, సకుటుంబ సపరివారంగా దిగడానికి?"

ఇబోయా నోటికి మా ఊళ్ళో అందరూ భయపడతారు. ఇద్దరం ఇరవై ఒక్క ఏళ్ళ కిందట ఒకేరోజు ఒకే కంపెనీలో చేరాం. నేను ప్రోగ్రాములు రాసే వైపు, తను మనుషుల్ని ఉద్యోగంలోకి తీసుకునే వైపు. తను నాలుగేళ్ళకే బయటపడి ఉద్యోగాలు వెతికిపెట్టే ఆఫీసు పెట్టుకుంది. నేను మాత్రం అక్కడే వేళ్ళూనుకుని ఉండిపోయాను. మా క్లూజ్‌లో సగం ఊరు చేసేది ఈ పనే. ఎక్కడో హాలెండ్ వాడికో జర్మనీ వాడికో సాఫ్ట్‌వేర్ రాసిపెడతాం, మన పేరు ఎక్కడా కనపడదు. పోయిన నెల ఆ హాలెండ్ వాడు కాస్తా కాంట్రాక్టు ఆపేశాడు. మా టీమ్ మొత్తానికీ ఒకే మధ్యాహ్నం ఉత్తరాలు చేతికిచ్చారు. చట్టం ప్రకారం ఇరవై పనిదినాలు గడువు. అందులో పదకొండు అయిపోయాయి.

మా ఆయన గావ్రిల్ పనిచేసే ప్రెస్సు ఏప్రిల్లోనే మూతపడింది. ఇంట్లోకి జీతం తెచ్చేది ఇక నేనొక్కదాన్నే. నాకా నలభై ఎనిమిది. ఇరవై ఒక్క ఏళ్ళ అనుభవం తీరా అమ్మబోతే అడవి అయి కూర్చుంది. పదిహేను చోట్లకు పంపితే పదమూడు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. మిగతా రెండు చోట్ల నుంచి "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని మిషన్ రాసిన జవాబు. ఫోన్ మోగితే గుండె దడ, మోగకపోతే ఇంకా దడ.

అందుకే ఆ రోజు సిగ్గు విడిచి ఇబోయా వంటింట్లో కూర్చున్నాను.

తను ఎర్ర పెన్ను తీసింది. "పుట్టిన తేదీ ఎందుకు? తీసెయ్. ఫోటో ఎందుకు? పెళ్ళిచూపులు కాదు. కారు నడపగలవని ఎందుకు రాశావ్, నిన్ను డ్రైవరుగా తీసుకుంటున్నారా? పదో క్లాసులో లెక్కల పోటీ బహుమతి! నీకు దణ్ణం పెడతానే తల్లీ."

"అది జిల్లా మొత్తం మీద రెండో..."

"తీసెయ్!" పెన్ను గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది. "ఇదిగో, ఈ మూడో పేజీలో ఇరవై ఆరు కంప్యూటర్ భాషల పేర్లు. వీటిలో సగం చచ్చిపోయాయి. ఇది రెజ్యూమేనా, శ్మశానమా? విను. నీ వయసువాళ్ళంతా చేసే తప్పు ఇదే, ఎన్నేళ్ళు పనిచేశారో చెబుతారు గానీ ఏం చేశారో చెప్పరు. చదివేవాడు నీకిచ్చేది అర నిమిషం. రెండు పేజీలు చాలు. పోయిన పదేళ్ళ సంగతి చాలు. ప్రతి వాక్యం 'నేను'తో మొదలుకావాలి, ఏం జరిగిందో దానితో ఆగాలి. నువ్వు ఉండబట్టి జరిగింది, నువ్వు లేకపోతే జరిగేది కాదు, అలాంటివి మూడు చెప్పు."

వండిన గిన్నెలు తోమాను అని చెప్పడం తేలిక, నేను వండాను అని చెప్పడానికి ఎందుకో నాలుక తిరగదు. సొంత పొగడ్త కంపు కొడుతుంది అనేది మా అమ్మ. ఆ మాట చెవుల్లో పోసి పెంచారు మమ్మల్ని. పైగా నేను రోజూ చేసిందేమిటి? పొద్దున్నే వచ్చి నిన్న చెడిపోయినదాన్ని ఇవాళ చెడిపోకుండా చూశాను. ఏమీ జరగకుండా చూడ్డమే మా ఉద్యోగం. ఏమీ జరగలేదు అని రెజ్యూమేలో ఎట్లా రాసేది?

"ఒక్కటి చెప్పు పోనీ," అంది ఇబోయా. నా మొహం చూసి జాలేసినట్టుంది, కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. "సరే, నీ రెండో రెజ్యూమే ఉందా?"

ఉంది. మా పనిలో ఉన్న ప్రతివాడికీ రెండు రెజ్యూమేలు ఉంటాయి. మొదటిది మనం రాసుకున్నది. రెండోది పై అంతస్తులో సేల్స్ వాళ్ళు క్లయింట్లకి చూపించడానికి తయారుచేసేది. అందులో మనం కాస్త పొడుగ్గా, కాస్త తెల్లగా ఉంటాం. మనకి చూపించరు, మన సంతకం అడగరు. ఒకసారెవరో పొరపాటున నాకు నాది మెయిల్లో పంపారు. చదివి నవ్వుకుని దాచుకున్నాను. ఇప్పుడు ఫోన్లో వెతికి ఇబోయాకి చూపించాను.

తను చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. "ఇది చూడు! 'నలభై గోదాముల పాత వ్యవస్థను ఒక్క ఆర్డరు కూడా పోకుండా కొత్తదానిలోకి మార్చే పనికి నాయకత్వం వహించారు.' ఇంత బంగారం ఇంట్లో పెట్టుకుని ఊరంతా అడుక్కుంటున్నావా?"

"అది మా టీమ్ చేసింది."

"నువ్వు టీమ్‌లో ఉన్నావా లేవా?"

"ఉన్నాను."

"మార్పు జరిగిందా లేదా?"

"జరిగింది."

"ఇంకేం మరి? 'వహించారు' తీసి 'వహించాను' అని పెట్టు."

నిజం చెప్పడానికి అదే సమయం. ఆ పని చేసింది లివియు. లివియు బర్సాన్, మా టీమ్‌లో అందరికన్నా పెద్దవాడు, నా పక్క బల్ల. పొద్దున వచ్చేటప్పుడు దండం, సాయంత్రం వెళ్ళేటప్పుడు దండం, మధ్యలో మాట ఉండదు. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి చాకుతో ఆపిల్ చెక్కుకుని తినేవాడు. ఆ మార్పు మొత్తం అతని బుర్రలోంచి వచ్చింది. ఇబోయాకి ఈ మాట చెబుదామనే అనుకున్నాను. కానీ గడువులో మిగిలిన తొమ్మిది రోజులు గుర్తొచ్చాయి. బాల్కనీలో గావ్రిల్ రోజంతా క్యాప్సికమ్‌లూ వంకాయలూ కాల్చి పచ్చడి సీసాలు నింపడం గుర్తొచ్చింది. నలభై సీసాలు పెట్టాడు మనిషి. చలికాలానికి ఉంటాయిలే అంటాడు, నా కళ్ళలోకి మాత్రం చూడడు.

"సరే," అన్నాను. "వహించాను."

ఆ రెండు పేజీలూ ఆ మధ్యాహ్నమే ఒక కంపెనీకి వెళ్ళాయి. గోదాములకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ, మాకు బాగా దగ్గరి పని. మర్నాడు పదకొండింటికి ఫోన్ వచ్చింది. శుక్రవారం రమ్మన్నారు. పదహారో ప్రయత్నానికి మొదటి మనిషి గొంతు! గావ్రిల్ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నన్ను కావలించుకున్నాడు, నా జాకెట్టు మీద ఇంత వంకాయ పడింది. నేను నవ్వాను. ఆ మూడు రోజులూ ఆ ఒక్క వాక్యం నాకు నిద్దట్లో కూడా కంఠతా వచ్చింది.

శుక్రవారం పదింటికి నది ఒడ్డున ఆ బిల్డింగు మూడో అంతస్తులో కూర్చున్నాను. ఎదురుగా హంగానుగారు, అక్కడ ఇంజినీర్లందరికీ పెద్ద. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దవాడేమో, నెరిసిన గడ్డం, చెవి వెనక పెన్సిల్. అందరూ తెర మీద చదువుతారు, ఈయన మాత్రం రెజ్యూమేలు కాగితం మీద అచ్చు వేయించుకుని పెన్సిలుతో గీతలు పెట్టుకుంటాడట. ఆయన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాడే, అనుకున్నాను.

ఆయన నా కాగితం టేబుల్ మీద పెట్టాడు. దాని పక్కన ఇంకో కాగితం పెట్టాడు.

"ఇది మీది మేడమ్. ఇది రారెష్ అనే అతనిది, మీ కంపెనీయే, నిన్న వచ్చి వెళ్ళాడు. గీత గీసిన చోట చదవండి."

చదవనక్కర్లేదు. నలభై గోదాములు, ఒక్క ఆర్డరు కూడా పోకుండా. కామా కూడా ఒకేచోట. సేల్స్ వాళ్ళు ఒక్క వాక్యం రాసి ఎంతమంది రెజ్యూమేల్లో అతికించారో ఆ దేవుడికే తెలియాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఊరికే మెడలో స్కార్ఫ్ సర్దుకున్నాను.

హంగానుగారు కోప్పడలేదు. పైగా నవ్వాడు. "రెండో రెజ్యూమే సంగతి నాకు తెలీదనుకున్నారా? పదేళ్ళు నేనూ అలాంటి చోటే చేశాను. నా దాంట్లో నాకు జపాన్ భాష వచ్చని రాశారు మహానుభావులు. ఒకరోజు నిజంగానే టోక్యో నుంచి ఫోన్ చేశారండీ! గంటసేపు బాత్రూములో దాక్కున్నాను."

నేనూ నవ్వాను. నవ్వు బయటికి సరిగ్గా రాలేదు.

"అందుకే సూటిగా అడుగుతున్నా," అన్నాడాయన. "ఆ మార్పు జరిగిన సంవత్సరానికి రారెష్ ఉద్యోగంలో చేరి ఏడాదే. కాబట్టి అతను కాదు. మరి మీరేనా?"

"నేనే," అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఇరవై ఒక్క ఏళ్ళలో నోరు తిరగని 'నేను' అబద్ధానికి మాత్రం వెన్నలా జారింది.

"మార్పు మధ్యలో వచ్చే ఆర్డర్లు పోకుండా ఎలా ఆపారు? అక్కడే కదా అందరూ బోల్తా పడేది."

చెప్పాను. పాతదీ కొత్తదీ ఆరు వారాలు పక్కపక్కనే నడిపించాం, ప్రతి ఆర్డరూ రెండింట్లోకీ వెళ్ళేలా చేశాం, రోజూ సాయంత్రం రెండు లెక్కలూ సరిపోతేనే మర్నాడు ఒకటో రెండో గోదాముల్ని పాతదాన్నుంచి విడదీశాం, సరిపోకపోతే ఆ గోదాము జోలికి పోలేదు. ఒక్కో పనీ లివియు ఎట్లా చేసేవాడో అట్లాగే చెప్పాను. పక్క బల్ల దగ్గర కూర్చుని చూసినదాన్ని, ఎందుకు తెలీదూ? హంగానుగారు పెన్సిలుతో బొమ్మలు గీసుకుంటూ తల ఊపుతున్నాడు. ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. వాటికీ చెప్పాను. అరగంటకి ఆయన పెన్సిల్ పక్కన పెట్టాడు.

"చాలా బాగుంది. ఇంత ఓపిగ్గా పనిచేసేవాళ్ళే మాకు కావాలి. మీ గడువు ఎప్పటికి అయిపోతుంది? అవగానే వచ్చేయొచ్చా?"

వచ్చేసింది. ఉద్యోగం వచ్చేసింది! గావ్రిల్‌కి ఫోన్లో ఏ మాట ముందు చెప్పాలో కూడా ఆలోచించుకుంటున్నాను.

హంగానుగారు కాగితాలు సర్దుతూ మాటవరసకి అన్నాడు, "మీ టీమ్ నుంచే ఇంకొకాయన కూడా పంపాడు. బర్సాన్ అని. పోయిన వారమే పక్కన పెట్టేశాం. ఇరవై ఆరేళ్ళ అనుభవం, రాసింది మొత్తం కలిపి అర పేజీ. 'వ్యవస్థల నిర్వహణలో పాలుపంచుకున్నాను' అట. అంతే! పాతికేళ్ళు కుర్చీ వెచ్చగా ఉంచిన బాపతు, ప్రతి ఆఫీసులోనూ ఉంటారులెండి."

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అవునండీ అనాల్సిన పని కూడా లేదు, ఊరికే ఉంటే చాలు. ఆయన లేచి నాకు చెయ్యి ఇవ్వబోతున్నాడు కూడా.

"ఏం తెలుసండీ మీకు?" అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. "కుర్చీ వెచ్చగా ఉంచాడా? ఆ నలభై గోదాములూ మార్చింది ఆయనే! ఇప్పుడు నేను అరగంట చెప్పిందంతా ఆయన బుర్ర! ఆరు వారాలు రోజూ సాయంత్రం ఒంటిచేత్తో లెక్కలు సరిచూసి ఇంటికెళ్ళేవాడు. ఆయన రాసుకోలేదు కాబట్టి ఆయన చెయ్యనట్టూ, నేను రాశాను కాబట్టి నేను చేసినట్టూనా? ఏం లోకం ఇది!"

చివరి మాట లోకాన్ని అన్నానో నన్ను నేను అనుకున్నానో తెలీదు. హంగానుగారు మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"అయితే ఇందాక మీరు 'నేనే' అన్నది?"

"అబద్ధం."

"మరి మీరేం చేశారు?"

ఈసారి నాలుక తడబడలేదు. దాచడానికి ఏమీ మిగల్లేదు కదా. "దానికి ముందు మార్చిలో ఒకసారి మార్చబోయాం. అన్నీ ఒకే రోజు, ఒకే దెబ్బకి. అది మా మేనేజర్ల తొందర. పొద్దున పదకొండింటికి మొదలెట్టాలి, చివరి అనుమతి నేనివ్వాలి. లెక్క చూస్తే పాత దాంట్లో ఉన్న నాలుగొందల పైచిలుకు సరుకు పెట్టెలు కొత్తదాంట్లో లేవు. ఫర్వాలేదు, తర్వాత చూసుకోవచ్చు, క్లయింట్ ఎదురుచూస్తున్నాడు అన్నారు. నేను ఇవ్వనన్నాను. అరిచారు. అయినా ఇవ్వలేదు. ఆ రోజు మార్పు ఆగిపోయింది. తర్వాత లివియు తన పద్ధతిలో చేశాడు. నాకు మాత్రం హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు, పని ఆలస్యం చేసినందుకు."

"ఇది రెజ్యూమేలో ఎందుకు రాయలేదు?"

"జరగని పనిని ఎవరు రాసుకుంటారండీ? పైగా దాంతో వచ్చింది చీవాట్లు."

ఆయన నా కాగితం వైపు చూశాడు. మనిషి మంచివాడు, అది మొహంలోనే తెలుస్తోంది. ఆ మంచితనం చూసి నాలో ఒక పిచ్చి ఆశ లేచింది. నిజం చెప్పాను కదా, దానికీ ఒక విలువ ఉంటుంది కదా అనుకున్నాను.

"మార్చి సంగతి నమ్ముతున్నాను మేడమ్," అన్నాడు చివరికి. "కానీ దానికి ముందు చెప్పింది కూడా ఇలాగే నమ్మాను."

ఇంక అనడానికేముంది? లేచి నిలబడ్డాను. తలుపు దాకా వచ్చి తనే తెరిచాడు. నేను వరండాలో ఉండగానే లోపల ఎవరినో బర్సాన్ నంబరు వెతకమనడం వినిపించింది.

ట్రాలీబస్ స్టాపుకి ఎట్లా వచ్చానో తెలీదు. ఇంటికి ఫోన్ చెయ్యాలి, గావ్రిల్ ఎదురుచూస్తూ ఉంటాడు. వేలు ఆ పేరు మీదకి పోలేదు. లివియుకి చేశాను. ఇన్నేళ్ళలో అతనికి ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి. బజార్లో ఉన్నట్టున్నాడు, వెనకాల ఎవరో ద్రాక్షపళ్ళంటూ అరుస్తున్నారు.

"లివియు, నీకిప్పుడు ఒక ఫోన్ వస్తుంది. హంగాను అని. గోదాముల పని. నలభై గోదాములు ఎవరు మార్చారని అడుగుతాడు. నేనే అని చెప్పాలి. మేము అనకు, పాలుపంచుకున్నాను అని అసలే అనకు. నేనే అను, విన్నావా?"

"అట్లా ఎట్లా అంటానమ్మాయ్? సిగ్గుగా ఉండదూ?"

"సిగ్గేమిటయ్యా నీ మొహం! నువ్వు చేసిందే కదా!" బస్ కోసం నిలబడ్డ ముసలావిడ నా వైపు తిరిగి చూసింది. చూడనీ అనుకున్నాను. "ఏదీ, ఇప్పుడు అను, నేను వింటాను."

అవతల కాస్త గొంతు సవరించుకున్నాడు. "నేనే," అన్నాడు, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా.

"ఆఁ, అదీ. ఇంకా గట్టిగా అనాలి."

"సరేలే. వాళ్ళు నన్ను ఒద్దనుకున్నారుగా, ఇప్పుడెందుకు చేస్తారు?" అని ఆగి, "నువ్వెళ్ళావా అక్కడికి? నీకొచ్చిందా?" అన్నాడు.

"రాలేదు."

"నీకు రాకపోవడమేమిటి? ఏమైంది?"

"రెజ్యూమేలో ఒక అబద్ధం రాశాను. పట్టుబడ్డాను."

"నువ్వా? ఏం రాశావు?"

చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆ పొద్దున నోట్లోంచి ఊడిపడ్డ నిజం ఇంకా పూర్తిగా ఆగలేదు. "నువ్వు చేసిన పని నేను చేశానని రాశాను, లివియు. ఆ నలభై గోదాములు."

ద్రాక్షపళ్ళవాడు అరుస్తూనే ఉన్నాడు. తిట్టు, అనుకున్నాను. నాలుగు కడుక్కోలేని మాటలు అను, నాకు కాస్త తేలికవుతుంది.

"అడిగి ఉంటే ఇచ్చేసేవాణ్ణి కదమ్మాయ్," అన్నాడు లివియు. "నేనెలాగూ రాసుకోలేదుగా."